పొసగలేదన్న మాట

పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుండగా నర్సమ్మ గాజుపలకను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. దాని మీద నా భార్య రక్తం ఒక బొట్టు, నాది ఒక బొట్టు. పుల్లతో రెండూ కలిపి, పలకను అటూ ఇటూ వంచి చూసింది. కలిసిన రక్తం విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోయింది.

"పొసగలేదప్పా" అంది.

యుద్ధం రోజులవి. కాన్పు తర్వాత రక్తం ఆగక ఆమెను మైదుకూరు నుంచి బొగ్గుతో నడిచే బస్సులో కడప ఆసుపత్రికి తెచ్చాం. బిడ్డ అంతకుముందే పోయింది. ఇంకెవరిదైనా సరిపోతుందేమోనని బజారుకు మనిషిని పంపారు. రక్తం తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి ఆమె పోయింది.

వాకిట్లో కూర్చున్న మా అత్తకు వినపడింది ఆ ఒక్క మాటే. దినాలయ్యాక అడిగింది.

"పొసగలేదనింది కదా ఆ నర్సమ్మ. మీ ఇద్దరికీ ఏమన్నా మాటామాటా వచ్చిండెనా నాయనా?"

మా వైపు ఆ మాట కాపురాల గురించే అంటారు. గాజుపలక సంగతి చెప్పాను. తల ఊపింది గాని నమ్మలేదు. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ కూతురు నా దగ్గర సుఖపడలేదేమో అన్న దిగులు పెట్టుకునే నా ఇంట్లో ఉండిపోయింది.

నేను బడిపంతులును. కడపకు మార్పించుకుని ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాను. అప్పట్లో రక్తం దాచిపెట్టే వసతి లేదు. కావలసినప్పుడు పిలిస్తే వచ్చే మనిషి ఉండాలి, అంతే. ఆ రోజు అలాంటి మనిషి ఒకడు లేకపోయాడు. ఆసుపత్రిలో నా పేరు రాయించాను. మూడు నాలుగు నెలలకోసారి ఆసుపత్రి నుంచి కబురు వచ్చేది. పోయేవాణ్ణి.

నన్ను రోగి పక్క మంచం మీద పడుకోబెట్టేవారు. కింద నల్లబండ, పైన సున్నం రాలే దూలాలు. చేయి మెల్లగా చల్లబడేది. తర్వాత ఒంటి బరువు పోయేది, మంచం నేల మీద ఉన్నట్టు తోచేది కాదు. నా భార్య తడిచీర దులిపి ఆరేస్తున్న చప్పుడు వినపడేది. బయట ఆయా దుప్పట్లు దులుపుతోందని తెలుసు. తెలిసినా కళ్ళు తెరిచేవాణ్ణి కాదు.

ఒక ఎండాకాలం అత్త కూడా వెంట వచ్చింది. "ఒళ్ళు గుల్ల చేసుకుంటాండావు. ఏం చేస్తారో నేనూ చూస్తా" అంది.

రాజంపేట నుంచి తెచ్చిన బాలింత. అదే జబ్బు. ఆమె భర్త రక్తం కలవలేదు. నాది కలిపి చూసి నర్సమ్మ, "పొసగింది" అంది.

అత్త ఊరుకోలేదు. "అదేందమ్మా, కట్టుకున్నోనికి పొసగకుండా, దారినపోయే మా అల్లునికి పొసగేదేంది?"

"రక్తానికి తాళి తెలీదవ్వా. నాకూ మా అక్కకే పొసగదు. ఇద్దరం ఒక కంచంలో తింటాం."

అత్త ఆ భర్త వైపు తిరిగింది. అతను మంచం చివర కూర్చుని భార్య పాదాలు చల్లబడకుండా రెండు చేతులతో రుద్దుతున్నాడు. చాలాసేపు చూసింది. నా భార్య పోయిన రోజు నేనూ అదే చేశాను. అప్పుడు అత్త వాకిట్లో ఉంది.

నాలోంచి తీసిన రక్తం సీసాలోంచి పక్క మంచం మీది ఆమెకు ఎక్కింది. గది గాలిలో తేలుతున్నట్టు ఉండగా, ఆ బాలింత పెదవులకు రంగు రావడం చూశాను. కొంతసేపటికి మజ్జిగ అడిగింది.

తిరిగి వస్తుంటే దారి సగంలో అత్త అడిగింది.

"అయితే మీ ఇద్దరికీ బాగనే ఉండెనా?"

"బాగనే ఉండె అత్తా."

"దానికి కోపం శానా."

"శానా."

ఆమె నవ్వింది. కూతురు పోయాక నవ్వడం అదే మొదలు. మళ్ళీ కబురు వచ్చినప్పుడు నా చొక్కా తనే తీసి ఇచ్చింది.

ఇప్పుడు రక్తం ముందే తీసి చల్లగా దాస్తున్నారు. బజారుకు మనిషిని పంపే అవసరం లేదు, అది మేలే. ఇచ్చేవారిని, తీసుకునేవారిని పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టడం ఇప్పుడు లేదు. ఎవరి పెదవులకు రంగు వచ్చిందో ఇచ్చినవాడికి కనపడదు.