అవిసె గింజల నెత్తురు

నేను చెప్పే మాటల్లో సగం తీసేయాలని, మిగిలిన సగాన్ని మా అక్కను అడిగాకే నమ్మాలని కాజీపేటలో మా వాడకట్టు అంతటికీ తెలుసు. తప్పు నాదే. పాలకుర్తి నుంచి వస్తుంటే నా బండి వెనక సీటు మీద చిరుతపులి ఎక్కిందని, మరిపెడ దాకా బుద్ధిగా కూర్చుందని, చాయ్ హోటల్ కనబడగానే దిగిపోయిందని ఒకసారి చెప్పాను. పాలకుర్తి నుంచి మా ఇంటికి రావాలంటే మరిపెడ ఎందుకు తగులుతుందని అందరూ అడిగారు గానీ, పులి సంగతి ఒక్కరూ అడగలేదు.

ఈ రక్తం సంగతిలో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు.

మా అక్క భర్త, మా బావ, బస్సు డిపోలో మెకానిక్. మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ఆడే సిలువ పాటుల నాటకంలో ఏళ్ల తరబడి ఏసు ప్రభువు వేషం ఆయనదే. నలభై రోజుల ముందు నుంచి మాంసం మానేసి, గడ్డం పెంచి, డిపోలో నట్టు బిగించేటప్పుడు కూడా ఎవరినీ తిట్టకుండా ఉంటాడు. నాది రోమా సైనికుడి వేషం. బావను నలుగురిలో కొరడాతో కొట్టే అవకాశం ఏ బామ్మర్ది వదులుకుంటాడు?

రక్తం తయారీ కూడా నా చేతిలోనే ఉండేది. పోయిన ఏడు ఎర్ర రంగు దొరక్క రోజ్ షర్బత్ పోశాను. సీసాలో ఉన్నంతసేపు బాగానే ఉంది. మధ్యాహ్నం ఎండలో బావ ఒంటి మీద పడేసరికి గులాబీ రంగుకు తిరిగి నీళ్లలా జారింది. ముందు వరసలో పిల్లలు "ఐసు గోలా! ఐసు గోలా!" అని అరిచారు. వెనక ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తనను కొట్టినవాళ్లను మన్నించమని బావ తండ్రి దేవుణ్ని వేడుకునే దగ్గరికి వచ్చేసరికి మైదానమంతా నవ్వే. ఆ మాట ఆయన నన్ను చూసే అన్నాడని తర్వాత నేను వాడకట్టులో చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆయన ఎవరినీ చూడలేదు. కళ్లు మూసుకున్నాడు.

ఈ ఏడు కొత్త సంవత్సరం కేకు కోసిన రోజే నన్ను పక్కకు పిలిచాడు.

"బామ్మర్దీ, ఇదే ఆఖరు. మోకాళ్లు మాట వింటలేవు. సిలువ మోసి లేచుడు ఇగ నాతోని కాదు. ఒక్కటే కోరిక. ఈసారి ఎవ్వరు నవ్వొద్దు."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. "బిడ్డా, రక్తం నువ్వు చెయ్యి. మీ మామను గా దిక్కు రానియ్యకు."

మా మేనకోడలిది బ్యూటీ పార్లర్. పెళ్లికూతుళ్ల మేకప్‌కు హన్మకొండ నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. మొటిమలు దాచే పిల్ల గాయాలేం చేస్తుందిలే అనుకున్నాను. ఆమె మాత్రం ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణం ముందు నిలబడి, ఏమీ కొనకుండా, మొద్దు మీద నెత్తురు ఎట్లా ముదురుతుందో చూస్తూ ఉండేది. దుకాణం ఆయన భయపడి నాకు ఫోన్ చేశాడు: "అన్నా, మీ కోడలికి పాణం మంచిగుందా?" ఒకరోజు ఉల్లిగడ్డ కోస్తుంటే వేలు తెగింది. కట్టు కట్టుకోవడం మానేసి, తెల్ల ప్లేటులో మూడు చుక్కలు వదిలి, గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. మా అక్క పసుపు పట్టుకుని ఆమె చుట్టూ తిట్టుకుంటూ తిరిగింది.

"చూడు మామా, నడుమ ఇంక తడిగనే ఉంది, అంచు ముందుగాల ఎండింది. అంచే నల్లగైతది. నువ్వు అంతటా ఒక్కటే ఎరుపు పూస్తవు. నెత్తురు గట్లుండదు."

నేను వంగి ప్లేటు చూశాను. అంచు నల్లగానే ఉంది.

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే మట్టల ఆదివారం సాయంత్రం రిహార్సల్. చక్కెర పాకంలో ఎర్ర రంగు, కాఫీ డికాషన్, కొంచెం కోకో పొడి కలిపి తెచ్చింది. ఆ పాకం బావ నుదుటి నుంచి కనుబొమ్మ దాకా వచ్చి, అక్కడ ఆగి, ఆలోచించుకుని, మళ్లీ కదిలింది. రక్తం కూడా ఆలోచిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. అందరం మెచ్చుకుంటుండగా బావ మొహంలో బాధ మొదలైంది. ఏం నటన అనుకున్నాం. చెంపలు వణుకుతున్నాయి, కాళ్లు ముడుచుకుంటున్నాయి. దగ్గరికి పోయి చూస్తే చీమలు! సిలువ మొదలు నుంచి మూడు వరసల్లో, మేడారం జాతరకు పోయే జనంలా ఎక్కుతున్నాయి. అన్ని చీమలను నా జన్మలో చూడలేదు. సగం తీసేసినా చాలా ఉన్నాయి.

"దులుపుకోరాదు బావా!"

"దులిపితే నెత్తురు చెదురుతది," అన్నాడు పళ్ల బిగువున. "బిడ్డ రెండు గంటలు కూసోని పూసింది."

ఆ రాత్రి ఆయన వీపు నిండా దద్దుర్లు. మందు రాస్తూ మేనకోడలు ఏడ్చింది. నేను ఓదార్చబోయాను.

"షర్బత్తే నయం గదనే. జర నవ్వుతరు గని, కుట్టదు."

మందు డబ్బా నా మీదికి వచ్చింది.

మరుసటి రోజు పార్లర్‌లో ఒకామెకు జుట్టు సర్దుతూ ఆగిపోయిందట. ఉంగరాల జుట్టు నిలవడానికి ఆమె అవిసె గింజలు ఉడకబెట్టి జెల్ తీస్తుంది. గుడ్డలో వేసి పిండితే గుడ్డు సొనలా తీగ సాగుతూ వస్తుంది. అందులో తీపి లేదు. సాయంత్రానికి ఆ జెల్‌లో రంగులు కలిపి మూడు సీసాలు నింపింది: ఇప్పుడే కారే నెత్తురు, గంట కిందటి నెత్తురు, ఎండి పెచ్చు కట్టిన నెత్తురు. చీమల పుట్ట పక్కనే ఒక్కో చుక్క పెట్టి, గొంతుక్కూర్చుని చూసింది. చీమలు వాసన చూసి పక్క నుంచి పోయాయి.

శుక్రవారం పొద్దున ఆమె పని చూస్తూ మూడు గంటలు కూర్చున్నాను. నా బతుకులో మాట్లాడకుండా అంతసేపు కూర్చున్నది అదొక్కసారే. టిష్యూ కాగితం, దొంగ కనురెప్ప వెంట్రుకలు అంటించే జిగురుతో చర్మం చిట్లి లేచినట్టు చేసింది. చిరిగిన స్పాంజితో మోకాళ్ల మీద గీరుకుపోయిన గుర్తులు తెచ్చింది. పాత టూత్‌బ్రష్‌ను సీసాలో ముంచి కుచ్చును వేలితో మీటితే ఛాతీ మీద సన్నని చుక్కలు పడ్డాయి.

మేకు దిగే చోటు నుంచి ఆమె నెత్తురును మోచేతి వైపు దించింది.

"వేళ్ల దిక్కు గదనే కారాలె?" అన్నాను.

"చేతులు ఎటున్నయి మామా సిలువ మీద?"

చేతులు పైకి ఉంటాయి. నెత్తురు కిందికి, అంటే చంక వైపు కారుతుంది. ఇన్నేళ్లుగా నేను బావ వేళ్లకే ఎర్ర రంగు పూశాను. నెత్తురును నేను పైకి పారించానని ఒక్కరూ చెప్పలేదు.

నా కొరడాను కూడా ఆమె వదల్లేదు. నూలు తాడును సీసాలో ముంచి ఇచ్చింది. "గట్టిగ కొట్టకు. అట్ల తాకిస్తే చాలు."

మొదటి దెబ్బ తాకించాను. బావ వీపు మీద చార లేచింది. చార చివర ఒక బొట్టు పుట్టి, లావై, జారింది. ముంచింది ఎవరో, దేంట్లోనో నాకు తెలుసు. అయినా నా చెయ్యి లేవలేదు. రెండో సైనికుడు మోచేత్తో పొడిస్తే గానీ మిగతా దెబ్బలు పూర్తి కాలేదు. మైదానంలో పిల్లలు లేచి తల్లుల ఒళ్లోకి పోయారు. గాలికి షామియానా కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సిలువ లేపాక ఒక ముసలమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. గేటు దగ్గర కీరకాయ ముక్కలు అమ్ముకునే ఆమె, మా చర్చి మనిషి కాదు. ఆపాల్సింది నేను, బల్లెం నా చేతిలోనే ఉంది. పక్కకు జరిగాను. ఆమె బావ పాదాల మీది నెత్తురును కొంగుతో తుడిచి, వెనక్కి పోయింది.

నాటకం అయిపోయాక చర్చి వెనక గదిలో బావను బెంచీ మీద కూర్చోబెట్టాం. కూతురు దూది, కొబ్బరి నూనె తీసింది. ఆయన ముందు నన్నే అడిగాడు.

"నవ్విన్రా?"

"ఒక్కరు గూడ నవ్వలే బావా."

"నిజం చెప్పు."

"నిజమే చెప్తాన. ఏడ్చిన్రు."

ఆయన కళ్లు మూసుకున్నాడు, అచ్చం పోయిన ఏడు మూసుకున్నట్టే. ఇన్నేళ్ల నా పులులన్నీ కలిసి ఆ క్షణాన నా మీద పడ్డాయి. కూతురు చెప్పబోయింది.

"నువ్వు నా బిడ్డవు, నాకోసమే చెప్తవు," అని ఆమెనూ ఆపాడు. "సిలువ మీద కాళ్ల కాడ ఏందో మెదిలింది. మళ్ల చీమలే అనుకొని కండ్లు మూసి ఊపిరి బిగవట్టిన, చెవులకు ఏం వినరాలే. గందుకు నవ్విన్రేమో అని..."

అప్పుడు తలుపు దగ్గర గొంతు వినిపించింది.

"ఏందిరా, దవాఖానకు తీస్కపోకుంట గట్ల కూసోవెట్టిన్రు?"

ముసలమ్మ. భుజం మీద కొంగు, అంచు దాకా ఎర్రగా. నన్ను చూడగానే కొప్పు సర్దుకుంది. "నువ్వేనా కొట్టినోనివి? నాటకమైతే మాత్రం గింత కొడతరా మనిషిని?" అని నా సైనికుడి రేకు టోపీ మీద ఒక్కటి వేసింది. టోపీ కళ్ల మీదికి దిగింది.

"అమ్మా, నెత్తురు కాదే, అవిసె గింజలు!" అన్నాను చీకట్లోంచి.

"అబద్ధాలకోరు!" అని ఇంకొకటి వేసింది.

టోపీ పైకి నెట్టుకుని చూసేసరికి బావ కళ్లు తెరిచి ఆ ఎర్ర కొంగునే చూస్తున్నాడు. మేనకోడలు కిందికి వంగి, తండ్రి పాదాన్ని నూనె దూదితో తుడిచి ముసలమ్మకు చూపించింది. కింద చర్మం మామూలుగా, డిపో మసితో, పగిలిన మడమతో ఉంది. ముసలమ్మ వేలితో తడిమి చూసింది. తన కొంగు చూసుకుంది. మళ్లీ పాదం తడిమింది.

"ఎవరు చేసిన్రే?"

"నేనే, అమ్మా."

"నీ చెయ్యి సల్లగుండ," అంది ముసలమ్మ.

ఆ రోజు మొత్తంలో నవ్వింది ఒక్కడే. గడ్డం నిండా నెత్తురుతో, మోకాళ్లు పట్టుకుని, మా బావ.