దానియేలు మాస్టారి సంతకం

దానియేలు మాస్టారు పోయారు. మొన్న బుధవారం ఉదయం రేవు దగ్గరి వాట్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి, నిలబడిన చోటే కూలబడ్డారట. ఆయన కింది వాటాలో ఉండే దర్జీ వచ్చి, "మాస్టర్‌మొశాయ్ లేరు, దాదా" అని బెంగాలీలో చెప్పేసరికి నేను డైరీలో వాతావరణం రాస్తున్నాను. ఆ పేజీలో "ఉక్కగా ఉంది" అన్న మాట తరవాత ఇంకేమీ లేదు. యాభై ఏళ్ళ డైరీల్లో నేను సగంలో వదిలిన పేజీ అదొక్కటే.

ఈ తరం వాళ్ళకి ఆయన ఎవరో చెప్పాలి. మన రేవు పేటలోని తెలుగు బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. ఆదివారం మన సంఘంలో పిల్లలకి బైబిలు చెప్పేవారు. శుక్రవారం నల్లబల్ల మీద చేప, బల్లి, కోతి, మనిషి బొమ్మలు వరసగా గీసిన చెయ్యే ఆదివారం ఆదికాండం తెరిచేది. ఈ రెండూ ఒకే మనిషి చెప్పడమేమిటని అందరికీ సందేహం. ఆయనకి మాత్రం లేదు. "దేవుడు మట్టితో మనిషిని చేశాడని రాసుందండీ. ఎంతసేపు పిసికాడో రాయలేదు. కుమ్మరికే తొందరుండదు, ఆయనకెందుకు?" అనేవారు.

నోరు మాత్రం పదును. ఒక ఆదివారం ఒక పిల్లాడు లేచి, "మా తాత కోతేటి, మాస్టారూ?" అని అడిగాడు. "మీ తాత సంగతి నాకు తెల్దురా. మీ అయ్యని మాత్రం నిన్న సాయంత్రం దీపస్తంభం మీద సూసాను" అన్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆ అయ్య పేరు సీమోను. రేవులో క్రేను నడిపేవాడు, తాగినప్పుడు తప్ప పెద్దమనిషి, పైగా సంఘ పెద్దల్లో ఒకడు. ఆ నవ్వుని అతను ఈనాటికీ మరిచిపోలేదు.

వారం తిరక్కుండా పెద్దల సమావేశం పెట్టించాడు. మాస్టారు పిల్లలకి ఏం చెబుతున్నారని అప్పటి పాస్టరుగారు అడిగారు. నేను సంఘ కార్యదర్శిని. రేవులో టైమ్ కీపరుగా పనిచేసినవాణ్ణి, ఏదీ జ్ఞాపకం మీద చెప్పే అలవాటు లేదు. డైరీ తెరిచి, మాస్టారి మాటలు రాసుకున్నవన్నీ రోజుల వారీగా చదివాను. అవి వింటే ఎంత భక్తిపరుడో వాళ్ళకే తెలుస్తుందనుకున్నాను. కుమ్మరి మాట చదువుతుంటే సీమోను, "ఇంకోపాలి సదవండి, బాబూ" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకొని మళ్ళీ చదివాను. ఆ రోజే మాస్టారికి ఆదివారం బడి తీసేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఎండాకాలమే ఆయన భార్య సారమ్మ గారు కామెర్లతో పోయారు. పిల్లలు లేరు. వరండాలో శవపెట్టె, చుట్టూ చేపల బజారు నుంచి తెచ్చిన మంచు దిమ్మలు. పదింటికి రావలసిన పాస్టరుగారు పన్నెండున్నరకి, సీమోనుని వెంటబెట్టుకొని వచ్చారు. మనిషి జంతువు నుంచి వచ్చాడన్నది అబద్ధమనీ, అలా బోధించినందుకు పశ్చాత్తాపపడుతున్నాననీ రాసి సంతకం చేస్తేనే ప్రార్థన చేస్తామనీ, లేకపోతే మన సమాధుల తోటలో చోటు లేదనీ చెప్పారు.

"దానికీ దీనికీ ఏటండీ సంబంధం?" అన్నారు మాస్టారు. "అది వండింది, మీ అందరికీ పెట్టింది, మీ గుడిలో పాటలు పాడింది. కోతి మాట దాని నోట ఎప్పుడైనా విన్నారేటి?"

"అయితే నీ కోతుల్నే రమ్మను, మోత్తాయి" అన్నాడు సీమోను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అతని నోరు మూయించనూ లేదు. మంచు నీళ్ళు గడప దాటి వీధి కాలవలోకి పోతున్నాయి. నా దస్తూరీ బాగుంటుందని కాయితం నా చేత రాయించారు. మాస్టారు చదివి, పెట్టె వైపు ఒకసారి చూసి, సంతకం చేశారు. "టైమ్ కూడా వెయ్యండి. టైమ్ కీపరు కదా" అన్నారు నాతో. వేశాను. రెండుంబావు.

సీమోను ఆ కబురు బడిదాకా మోశాడు. హెడ్మాస్టరు ఎర్రజెండా పార్టీ మనిషి, దేవుడి పేరెత్తితేనే ముఖం ముడుచుకునేవాడు. "ఏం మాస్టర్‌మొశాయ్, కోతి మళ్ళీ మట్టయిపోయిందా?" అని పిల్లల ముందే అడిగాడు. అబద్ధమని సంతకం చేసినవాడు ఆ పాఠం ఎలా చెబుతాడని జీవశాస్త్రం తీసేసి డ్రిల్లు, డ్రాయింగు ఇచ్చారు. గుడిలో కోతి మాస్టారు, బడిలో పాస్టరు మాస్టారు. రిటైరయ్యేదాకా ఆయన పిల్లల చేత మామిడికాయలూ కుండలూ గీయించారు.

గుడికి రావడం మానలేదు. కిటికీ పక్క ఆఖరి బెంచీ ఆయనది. ఏటా సారమ్మ గారు పోయిన రోజున మా ఇంటికొచ్చేవారు. టీ తాగి, లేచేముందు ఒకటే మాట: "ఆ కాయితం సింపెయ్యండి, బాబూ. మిమ్మల్ని ఇంకేమీ అడగను."

"అది సంఘం రికార్డు, మాస్టారూ" అనేవాణ్ణి నేను. ఒక ఏడు మాత్రం గుమ్మంలో ఆగి, "దేవుడూ రికార్డు ఉంచాడండీ, రాళ్ళలో. అది మీరు సదవరు. నా ఒక్క కాయితమే సదువుతారు" అన్నారు. దాన్నీ డైరీలో రాసుకున్నాను. కాయితం మాత్రం చింపలేదు.

మొన్న గురువారం, సారమ్మ గారి సమాధిలోనే ఆయన్ని పెట్టాలని అడగడానికి పెద్దల దగ్గరకి వెళ్ళాను. ఇప్పటి పాస్టరుగారు కుర్రవాడు, ఏమీ తెలియదు. కర్రతో కూర్చున్న సీమోనుకి అన్నీ తెలుసు. "ఆ కాయితం ఉందా, నేదా? ఉంటే తెచ్చి పెట్టె పక్కన పెట్టండి. నేకపోతే తోటలో సోటు నేదు" అన్నాడు.

ఉంది. ఎక్కడుందో నేను వెతకనక్కరలేదు. ఇంటికెళ్ళి తెచ్చాను. పెట్టె మూసేముందు సీమోను దాన్ని అందరికీ వినబడేలా చదివించాడు, రెండుంబావుతో సహా. ఆ తరవాతే మాస్టారి పెట్టె మూశారు. ఆయన్ని భార్య దగ్గర పడుకోబెట్టారు.

చింపి ఉంటే ఆయనకి అక్కడ చోటు దొరికేది కాదని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. ఆయన ఎన్నడూ నన్ను చోటు అడగలేదు. కాయితం చింపమని అడిగారు.

అందుకని ఇది చదివే వాళ్ళందరికీ చెబుతున్నాను. దానియేలు మాస్టారు సృష్టికర్తని నమ్మారు. ఆ సృష్టి చేపలోంచి, బల్లిలోంచి, కోతిలోంచి నెమ్మదిగా నడిచొచ్చిందనీ నమ్మారు. చివరి శ్వాసదాకా రెండిట్లో దేన్నీ వదల్లేదు. ఆ కాయితంలో ప్రతి అక్షరం నాది, పేరొక్కటే ఆయనది. అలాంటి గురువు మన పేటకి మళ్ళీ రాడు. వచ్చినా మనం బతకనివ్వం.