ఆమెకు రాయడం రాదన్నాను

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగింది అరగలేదు. ఇన్నేళ్లూ గొంతులో అడ్డంగానే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు, నాకు తెలుసు. అయినా చెబుతాను. మోసి మోసి అలసిపోయాను.

ఎనభైల్లో నేను ఆదోనిలో ఒక కాలేజీ గుమాస్తాను. బడి మొహం చూడనివాళ్లు కూడా ఒక ప్రవేశ పరీక్ష రాసి, ఇంటి దగ్గరే డిగ్రీ చదువుకునే కొత్త విశ్వవిద్యాలయం అప్పుడే వచ్చింది. దాని కేంద్రాన్ని మా కాలేజీలో ఒక గదిలో పెట్టారు. ఆదివారం ఆ గది తెరవాలి. వచ్చినవాళ్లకు పాఠ్యపుస్తకాలివ్వాలి. సందేహాలుంటే చెప్పడానికి ఒక లెక్చరరు ఉండాలి. తాళంచెవి నా దగ్గర ఉండేది.

మొదటి రెండు మూడు నెలలు తెరిచాను. తర్వాత మానేశాను. పెద్ద కారణమేమీ లేదండీ, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆదివారం పొద్దున మటన్ తెచ్చుకోవడం, తినడం, పడుకోవడం. ఆరు రోజులు ఊడిగం చేసినవాడికి ఏడో రోజు కూడానా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లెక్చరరే రానప్పుడు నేనొక్కణ్ణీ పోయి గోడలు చూస్తూ కూర్చోవాలా? హాజరు పట్టీలో మాత్రం ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్లం. అందులో తప్పు కనపడలేదా? కనపడింది. చూడనట్టు ఉన్నాను.

అంతలో యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏ కేంద్రం జనానికి ఎంత అందుబాటులో ఉందో చూసి గ్రేడు ఇస్తారట. గది వేళకు తెరుస్తున్నారా, పుస్తకాలు అందుతున్నాయా, ఆడవాళ్లు జంకు లేకుండా రాగలుగుతున్నారా, సర్టిఫికెట్లు లేనివాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపుతున్నారా అని పెద్ద పట్టిక. విద్యార్థుల అభిప్రాయాల పుస్తకం కూడా చూపించాలి. మూడో గ్రేడు వస్తే కేంద్రం ఎత్తేసి కర్నూలులో కలిపేస్తారు. ప్రిన్సిపాలు ఆ కాగితం నా బల్ల మీద పడేసి, "ఇంక నీ ఇష్టమప్పా" అని వెళ్లిపోయాడు.

అభిప్రాయాల పుస్తకం బీరువాలో ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు.

పదకొండు అభిప్రాయాలు నేనే రాశాను. జాబితాలోంచి పేర్లు ఏరుకున్నాను. ఆలూరు రైతు పేరున ఎడమచేత్తో రాశాను, తుగ్గలి కాంపౌండరు పేరున ఆకుపచ్చ సిరాతో. చివరిది హుసేనమ్మ పేరున.

ఆమెను నేను చూసింది ఒక్కసారే, చేరడానికి వచ్చినప్పుడు. ఎమ్మిగనూరులో మగ్గాలకు కండెలు చుట్టేది. బడికి పోలేదు, తమ్ముడి పుస్తకాలు చూసి అక్షరాలు నేర్చుకుంది. ప్రవేశ పరీక్ష పాసయింది. నా బల్ల దగ్గరే నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఫారం తనే నింపింది. నేను నింపిపెడతానన్నా ఒప్పుకోలేదు. అత్త ఒక్క ఏడాదే గడువిచ్చిందని, మొదటి సంవత్సరం గట్టెక్కకపోతే ఇంక చదువు మాటే ఎత్తకూడదందని అప్పుడు నాతో చెప్పింది. ఆ గడువు సంగతి నాకు తెలుసు. తెలియక చేశాననుకునేరు, తెలిసే చేశాను.

ఆమె పేరున రాస్తుంటే నా కళ్లే చెమర్చాయి. సిగ్గు లేకపోతే సరి! "బస్సు దిగి ఈ గదిలో అడుగుపెడితే పుట్టింటికి వచ్చినట్టుంటుంది" అని రాశాను. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

గ్రేడు ఇచ్చే ఆయన ఒక ఆదివారం వచ్చాడు. నడివయసు, నెమ్మదస్తుడు. ఆ రోజు గది ఊడ్పించి, పుస్తకాలు వరసగా పేర్పించాను. ఆయన అభిప్రాయాలన్నీ చదివాడు. హుసేనమ్మ పేరు దగ్గర ఆగి, సంచీలోంచి ఒక ఇన్లాండ్ లెటరు తీశాడు. "ఈమె నుంచే ఫిర్యాదు వచ్చిందే!" అన్నాడు. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర గీతలు. ఆరు ఆదివారాలు వచ్చిందట. వాకిలికి బీగం వేసి ఉందట. పుస్తకాలు ఇవ్వలేదట. పరీక్షలు దగ్గరకొచ్చాయట.

ఆరు ఆదివారాలు. ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి, ఆ తాళం చూసి తిరిగిపోయింది. అప్పుడు నేను ఇంట్లో నిద్రపోతున్నాను.

ఆయన ఇంకా ఆ కాగితం చేతిలో పట్టుకునే ఉన్నాడు, హుసేనమ్మే లోపలికి వచ్చింది. ఏడో ఆదివారం కూడా వచ్చింది. "ఈపొద్దన్నా తీసినారే సార్!" అంది నవ్వు మొహంతో. ఆయన ఆమె పేరు కనుక్కుని, కూర్చోబెట్టి, పుస్తకంలోని ఆ పుట్టింటి వాక్యం చదివి వినిపించాడు. నీ మాటేనా అమ్మా అని అడిగాడు.

"పుట్టిల్లా? పుట్టింటికి ఎవురన్నా బీగమేస్తారా సార్? నేను రాసింది మీ సేతిలో ఉండే కాగితం. అది నేను రాయలే."

ఆయన నా వైపు తిరిగాడు. "దస్తూరీలు కలవడం లేదే?"

గుక్కెడు నీళ్లు తాగేంతసేపు కూడా ఆలోచించలేదు. "ఆమె సెప్తే పుస్తకంలో నేను రాసినా సార్. ఆమెకు రాయడం రాదు. ఆ కాగితం ఎవరో గిట్టనోళ్లు రాయించింటారు."

"నాకు రాసేకొస్తాది సార్! పెన్నియ్యండి, ఈడే రాస్తా."

ఆమె చెయ్యి చాపింది. ఆయన బస్సు వేళ చూసుకుంటున్నాడు. "వద్దులేమ్మా," అన్నాడు, కోపంగా కాదు, జాలిగానే. "ఎవరో రాసిచ్చిన దాన్ని నాదని చెప్పి ఉద్యోగస్తుల పొట్ట కొట్టకూడదు."

అప్పుడామె నన్ను చూసింది. "మీ ఎదురుంగనే ఫారం రాసినా గదా సార్. మీకు దెలుసు గదా. సెప్పండి."

ఆ ఫారం నా వెనక బీరువాలోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"నాకు గుర్తులేదమ్మా," అన్నాను.

ఆయన్ను సాగనంపి, ఆమెకు పుస్తకాలిద్దామని గదిలోకి పరుగెత్తాను. ఆమె లేదు. గేటు దాకా పోయాను. బస్టాండుకు పోతే దొరికేది. పోలేదు. పుస్తకాలు పోస్టులో పంపవచ్చు, అదీ చేయలేదు. పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆమె హాల్‌టికెట్టు ఎవరూ తీసుకోకుండా ఉండిపోతే, నేనే వెనక్కి పంపాను.

మా కేంద్రానికి మొదటి గ్రేడు వచ్చింది. ఆ ఉత్తరాన్ని పటం కట్టించారు. ఆ తర్వాత నేను ఒక్క ఆదివారం కూడా మానలేదు. నందవరం నుంచీ ఆలూరు నుంచీ వచ్చి చదివి, డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లున్నారు. కేంద్రాన్ని కాపాడింది నేనే కదా అని చాలాకాలం అనుకున్నాను. అబద్ధం. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది కేంద్రం కాదు, చేతికి రాబోయే మెమో. ఎంతమంది పాసయితే ఒక్క హుసేనమ్మకు బదులవుతుంది? నేనెవర్ని ఆ లెక్క తేల్చడానికి?

కొన్నేళ్లకు నాకు ఎమ్మిగనూరులో ఎన్నికల డ్యూటీ పడింది. ఓటర్ల చేత సంతకం పెట్టించుకోవడం నా పని. సంతకం రానివాళ్ల చేత వేలిముద్ర. వరసలో హుసేనమ్మ వచ్చింది. నేను గుర్తుపట్టాను, ఆమె కూడా పట్టింది. తల దించుకుని పెన్ను ఆమె వైపు జరిపాను.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఇంకు ప్యాడు మీద బొటనవేలు అద్ది, నేను చూపించిన చోట ఒత్తింది.

"నాకు రాసేకి రాదు గదా సార్," అని, చీటీ తీసుకుని ముందుకు పోయింది.

ఆమెకు రాయడం వచ్చు. ఆ ఫిర్యాదు ఆమే రాసింది, అందులో ప్రతి మాటా నిజం. అబద్ధం రాసింది నేను. ఇది ఆమె ఎదుట, ఆ వరసలో అందరూ వింటుండగా చెప్పవలసింది. మీకు చెబుతున్నాను. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.