ఒకటో వెర్షన్

మలికిపురంలో మా పిన్నికి డీటీపీ షాపు ఉంది. పెళ్ళికార్డులు, కొబ్బరి వ్యాపారుల బిల్లు పుస్తకాలు అక్కడ తయారవుతాయి. పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన మేటర్‌ని వాట్సాప్‌లో పంపితే పిచ్చిగీతల్లా కనబడుతుంది. దాన్ని ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చడానికి ఒక చిన్న ప్లగిన్ రాశాను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని తగిలించుకోవాలి. ఓపెన్ సోర్స్ కనుక ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి కోడు చూసి మార్చుకోవచ్చు.

కానీ విడుదల చేసిన ప్రతిసారీ వేసే వెర్షన్ నంబరు ఎప్పుడూ సున్నాతోనే మొదలుపెట్టేదాన్ని. 0.8, 0.9, ఆ తర్వాత 0.9.1, 0.9.2. ముందు సున్నా ఉంటే ఇంకా పరీక్షలో ఉన్నట్టు. చెడినా నన్నెవరూ అడగరు. 1.0 అని వేస్తే, ఇది పనిచేస్తుందని నా నోటితో చెప్పినట్టే. నలుగురిలో నోరు విప్పని నాకు అది పెద్ద మాట.

ఈ వేసవిలో నాతో నేనే ఒక పందెం వేసుకున్నాను. నేను రాసిన సూచనలు చదివి, నా సాయం లేకుండా పిన్ని ప్లగిన్ పెట్టుకోగలిగితే 1.0. లేకపోతే మళ్ళీ సున్నాయే. కాగితం ఆవిడ ముందు పెట్టి వెనక కుర్చీలో కూర్చున్నాను. మాట్లాడకూడదని నియమం. అదొక్కటీ నాకు సులువు.

పిన్ని చకచకా అన్నీ నొక్కింది. మెనూలో ప్లగిన్ పేరు మాత్రం రాలేదు.

"ఏదే? ఎక్కడా లేదు."

ఉండబట్టలేక అడిగేశాను. "సాఫ్ట్‌వేర్ మూసి, మళ్ళీ తెరిచావా పిన్నీ?"

"లేదు."

"అందులో రాశాను కదా."

"ఏం రాసేవు? 'వీలైతే ఒకసారి మూసి తెరవగలరు' అని రాసేవు. నాకు వీలవలేదు. పెళ్ళికార్డు సగంలో ఉంది. ఇవి సూచనలా, శుభలేఖా? బంధుమిత్ర సపరివారంగా వచ్చి నొక్కమంటావేమోనని చూస్తున్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. తప్పు ప్లగిన్‌లో లేదు, నా మర్యాదలో ఉంది. అక్కడే కూర్చుని కాగితమంతా దిద్దాను. 'వీలైతే', 'అవకాశం ఉన్నచో', 'బహుశా పనిచేయవచ్చు' అన్నీ కొట్టేశాను. 'మీ ఫైలు సేవ్ చేయండి. సాఫ్ట్‌వేర్ మూయండి. మళ్ళీ తెరవండి.' అంత కచ్చితంగా అప్పటిదాకా నేనెవరితోనూ మాట్లాడి ఎరగను.

ప్లగిన్ తీసేసి మొదటినుంచీ మొదలుపెట్టాం. ఈసారి పిన్ని కార్డు సేవ్ చేసింది, మూసింది, తెరిచింది. మెనూలో పేరు వచ్చింది. నొక్కగానే పెళ్ళికూతురి పేరు నుంచి విందు వేళ దాకా కార్డంతా మారింది. ఒక్క ఒత్తు కూడా జారలేదు.

కోడులోనూ, సూచనల పైనా, మార్పుల జాబితాలోనూ నంబరు 1.0.0 చేసి పబ్లిష్ బటన్ నొక్కాను.

ఆ సాయంత్రం ప్రూఫు చూసుకోవడానికి పెళ్ళికూతురి తండ్రి వచ్చారు. పిన్ని పంపిన మేటర్‌ని తన ఫోనులో ఆఖరిదాకా చదువుకున్నారు.

"పోయినసారి అన్నీ గీతలొచ్చేయండి. ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఎవరు చేసేరండి?"

పిన్ని చూపుడువేలు నా వైపు తిరిగేలోపే లేచి నిలబడ్డాను.

"నేనే చేశానండి. మీరెవరికి పంపినా ఇలాగే వస్తుంది."