సెకనులో వెయ్యో వంతు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూలులో సైన్సు టీచరుగా చేరాను. మా నాయన జమ్మలమడుగులో పురోహితుడు. పెళ్లికాని పిల్ల పక్క ఊళ్లో గది తీసుకుని ఉండడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. నేను బస్సెక్కిన రోజు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత సెలవులకు వెళ్లినా, నాతో అనాల్సిన మాట అమ్మతో అనేవాడు.

ఆ ఏడు బడిలో సైన్సు ప్రదర్శన పెట్టాం. కొడితే సన్నగా మోగే రెండు పంగల ఉక్కు కడ్డీ ఒకటి ఉండేది మా దగ్గర. దాని కొసకు మైనంతో గుండుసూది అతికించి, దీపం మసి పట్టించిన గాజు పలకను దాని కింద గబుక్కున లాగితే, మసిలో అలల గీత పడుతుంది. ఆ గీతనే నేను పెద్ద కాగితం మీద గ్రాఫుగా వేసి గోడకు తగిలించాను. అడుగు గీత మీద ప్రతి గుర్తు కిందా 0.001 సెకను, 0.002 సెకను అని వరసగా రాసుకుంటూ పోయాను. చోటు చాలక అంకెలు ఒకదాని మీదొకటి పడ్డాయి. వచ్చినవాళ్లు అలలను చూసి బాగుందనేవాళ్లు, కింద చూసి పక్కకు జరిగేవాళ్లు.

మధ్యాహ్నం వాకిట్లో మా నాయన కనిపించాడు. వస్తాడని నేననుకోలేదు. నేరుగా గ్రాఫు దగ్గరికి పోయి, కళ్లద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"సున్నా చుక్క సున్నా సున్నా... ఏందమ్మా ఇది? అన్నీ సున్నాలే ఉండాయి."

ఎన్ని నెలలకో నన్ను నేరుగా అడిగిన మాట అది.

"ఒక్కో గుర్తు సెకనులో వెయ్యో వంతు నాయనా. అంతే."

"మాకు పంచాంగంలో గడియను అరవై ముక్కలు చేస్తే వచ్చే విగడియే శానా చిన్నది. ఇదెంత?"

"నువ్వు ఒకసారి రెప్ప కొట్టే లోపల ఇట్లాంటివి నూరు పైనే అయిపోతాయి."

ఆయన మెల్లగా రెప్పలు మూసి తెరిచాడు. మళ్లీ మూసి తెరిచాడు.

ఆయనకు నోటితో చెప్పినంత తేలిగ్గా కాగితం మీద ఎందుకు చెప్పలేకపోయానా అనిపించింది. తెల్లకాగితం ముక్క కోసి పాత అంకెల మీద అతికించాను. ఐదేసి గుర్తులకు ఒక అంకె మాత్రం వేశాను: 0, 5, 10, 15, 20. గీత చివర ఒక్కసారి 'సెకనులో వెయ్యో వంతులు' అని రాశాను. హెడ్మిస్ట్రెస్ చూసి, "పిల్లలు ఇరవై సెకండ్లనుకుంటే?" అంది. ఆ సందేహం సబబే. అందుకని ఆ మాటలనే ఎర్ర సిరాతో పెద్దగా దిద్దాను.

ఈలోగా దువ్వూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన గ్రాఫు ముందు నిలబడ్డాడు. నేను నోరు తెరవకముందే మా నాయన అందుకున్నాడు.

"ఇవి సెకండ్లు గాదప్పా. ఒక్క సెకండును వెయ్యి ముక్కలు చేస్తే, అట్లాంటి ముక్కలు ఇరవై. రెప్ప కొట్టి చూడు, అప్పుడు తెలుస్తాది."

సాయంత్రం ఆయన్ను బస్టాండు దాకా సాగనంపాను. ఉద్యోగం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక అడిగాడు.

"రేపు గూడా ఉంటాదా ఇది?"

"ఉంటుంది నాయనా."

"అట్లయితే మీయమ్మను పిల్చుకొస్తా."