బాషా గట్టెక్కిన ముక్క ఎవరు కోశారు?

ఈ విషయం మీద ఒక టీవీ వార్తల చానల్‌కు నాలుగు ఉత్తరాలు రాశాను. రెండు రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలతో కార్డులు వచ్చాయి గానీ జవాబు ఇంతవరకు రాలేదు. ఉద్యోగంలో మరచిపోలేని సంగతి రాయమని మీ పత్రిక అడిగింది కాబట్టి అదే ఇక్కడ రాస్తున్నాను.

2007 వానాకాలం. ఆలూరులో ఒక ప్రైవేటు బస్సు సర్వీసుకు నేను టైం కీపర్‌ని, అంటే బండ్లు పోయే వేళ, వచ్చే వేళ రాసుకునేవాణ్ణి. దారికి అడ్డంగా వంక, అంటే వాగు, పారుతుంటే మా వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. డ్రైవరు బండిని గట్టునే ఆపాలి. కండక్టరు కట్టె పట్టుకుని నీళ్లలోకి దిగి లోతు చూడాలి. మోకాలు దాటితే వెనక్కి వచ్చి, నీళ్లు తగ్గేదాకా ఆగాలి.

ఒక రోజు పొద్దున బాషా అట్లాగే దిగాడు. పదకొండేళ్లుగా మా దగ్గర కండక్టరు. నాలుగు అడుగులకే నీళ్లు తొడల దాకా వచ్చాయి, కాస్త తూలాడు, కట్టె ఊని తిరిగి వచ్చాడు. గట్టున ఉన్న స్ట్రింగర్, అంటే టీవీకి ఊరి వార్తలు పంపే విలేకరి, అంతా తీశాడు. మోటారు సైకిల్ మీద ఆలూరికి వచ్చి క్యాసెట్ నా చేతికి ఇచ్చాడు.

“కర్నూలు బండికి వేయన్నా, చానల్ ఆఫీసుకు. మీ బాషా ఈ పొద్దు టీవీలో పడతాడు.”

నేనే కవరులో పెట్టి డ్రైవరుకు అప్పగించాను. అంతటితో ఊరుకోక, టీవీ చూడమని బాషా ఇంటికి కబురు కూడా పంపాను.

మధ్యాహ్నం టీవీలో ఆ వార్త మొదలైంది. కింద ‘వంకలో కొట్టుకుపోయిన కండక్టర్’ అని అక్షరాలు. పైన బాషా వీపు. నాలుగు అడుగులు, ఒక తూలుడు, అంతే. మళ్లీ మొదటి నుంచి అదే.

మూడింటికి బాషా భార్య రజియా బస్టాండుకు వచ్చింది.

“యాడున్నాడన్నా మనిషి?”

“గట్టునే ఉండాడమ్మా, బండిలో. నీళ్లు తగ్గేదాకా ఆగినారు. విలేకరే చూసొచ్చి చెప్పినాడు.”

“ఆయప్ప తీసిందే గదన్నా టీవీలో వస్తాండాది. అప్పట్నుంచి నీళ్లలోకి పోతానే ఉండాడు. ఒక్కసారన్నా బయటికి రాలేదు.”

వెంటనే చానల్‌కు ఫోన్ చేశాను. “టైం కీపరా? మీ పైవాళ్లతో మాట్లాడించండి” అని పెట్టేశారు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది.

ఆరింటికి బండి వచ్చింది. బాషా దిగేసరికి, ఎదురుగా టీ హోటల్ టీవీలో ఇంకా కొట్టుకుపోతూనే ఉన్నాడు.

“బాషా, నీకు టీ పోయాల్నా, పోయినోళ్లకని ఫాతిహా చదివియ్యాల్నా?” అన్నాడు హోటలాయన. అందరూ నవ్వారు. రజియా మాత్రం బెంచీ మీద నుంచే ఆ టీవీ కట్టేయమంది.

మరుసటి రోజు కూడా అదే బొమ్మ. జనం మా బండి దగ్గరికి వచ్చి, బాషాను చూసి, “ఇది వంకలో పోయిన బండి గదప్పా” అంటూ జీపులెక్కారు. వారం చూసి ఓనరు బాషాను తీసేశాడు. నేను అడ్డం పడ్డాను.

“వాని తప్పు లేదని నాకూ తెలుసప్పా. వాన్ని చూస్తానే జనం జీపు ఎక్కతాండారు. నన్నేం చేయమంటావు?”

బాషా నన్నే సముదాయించాడు. “విడిచిపెట్టన్నా. సచ్చినోడు డ్యూటీ చేసేదెట్లా?” ఇప్పుడు ఆదోనిలో పత్తి మూటలు మోస్తున్నాడు.

స్ట్రింగర్‌ను నిలదీశాను.

“మొత్తం పంపినాన్నా. గట్టెక్కి ప్యాంటు పిండుకునేది గూడా ఉండాది. వాళ్లు అది వేయలేదు. ఇరవై నాలుగు గంటలూ నడపాల గదా, ఏదో ఒకటి తిరగతా ఉండాల.”

ఆ తర్వాత నేను మార్చుకున్నవి రెండే. వంక పారిందంటే ముందు కండక్టరు ఇంటికి మనిషిని పంపుతాను, మిగతా పని తర్వాత. కెమెరా పట్టుకుని వచ్చిన వాళ్ల క్యాసెట్లు ముట్టుకోను. ఇంతకంటే నా చేతిలో ఏమీ లేదు. రోజంతా చూపే వాళ్లకు ఒక మనిషి తిరిగొచ్చేదాకా ఓపిక ఉండదని అర్థమైంది. దానితో కొట్లాడి అలసిపోయాను కూడా.

అయినా ఆ చానల్ వాళ్లను అడుగుతున్నాను. బాషా గట్టెక్కిన ముక్కను కోసింది ఎవరు? దాన్ని ఒక్కసారి, ఒక్క నిమిషం వేయండి. వేయలేమంటే ఎందుకు వేయలేరో కార్డు ముక్క మీద రాసి, కింద పేరు పెట్టండి.