సుగుణక్క చెప్పిన పచ్చ

నిన్న పొద్దున బండి స్టార్ట్ చేస్తుంటే ఫోన్. సుగుణక్క కూతురు.

"అమ్మ లేదన్నా."

ఏ ఊరు వెళ్ళిందని అడిగాను. అంత మొద్దుబుర్ర నాది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

అక్క మా నీటి పరీక్షల ల్యాబ్‌లో ఫీల్డ్ అసిస్టెంట్. ఈ తమిళ ప్రాంతపు ఉప్పళంలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. నేను యానాం నుంచి కాంట్రాక్ట్ మీద వచ్చినవాణ్ణి. అక్క ఊరి బయట చెరువులో వల ముంచి ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచు, శాంపిల్స్ తీసేది. నీళ్ళ వాసన చూసే సగం రిపోర్ట్ చెప్పేసేది.

ఒక విషయం ఈరోజు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను.

రెండేళ్ళ కిందట, ఎండాకాలం. పొద్దున్నే చెరువు గట్టు మీంచి నాకు ఫోన్ చేసింది.

"ఏరి నీళ్ళు పచ్చగా అయిపోయినాయి తమ్ముడా. సార్‌ని బిన్నా రమ్మను."

ఏరి అంటే చెరువు, బిన్నా అంటే త్వరగా, అవి నాకు తెలుసు. కానీ మా యానాంలో పచ్చ అంటే పసుపు. వాళ్ళింట్లో పచ్చ అంటే ఆకుపచ్చ.

నేను ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో "ఎల్లో" అని పెట్టాను. మట్టి కలిసిందేమోలే అని మా ల్యాబ్ హెడ్ సార్ మీటింగ్‌కి వెళ్ళిపోయారు.

పొలాల ఎరువులూ ఊరి మురుగూ పడితే చెరువులో ప్లాంక్టన్ విపరీతంగా పెరిగి నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. అందులో కొన్ని రకాలు విషం. తాగిన గొడ్డు బతకదు. "ఏరికి తిండెక్కువై అజీర్తి" అనేది అక్క.

ఆమె మా కోసం చూస్తూనే ఉంది. మేం రాలేదు. గేదెల మంద వచ్చింది.

వల కర్ర అడ్డం పెట్టి ఒక్కతే నిలబడింది. కాపరులు తిట్టారు. ఒకాయన కర్ర లాక్కున్నాడు.

"యాడికన్నా తోలుకపో సామీ, ఈడ మాత్రం వద్దు" అంటూ అక్కణ్ణుంచి కదల్లేదట.

సార్ మీటింగ్ అయ్యాక మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం. అప్పటికే ఒక దూడ పక్క రేవులో దిగి తాగేసింది. సాయంత్రానికి చచ్చిపోయింది.

ఎల్లో అని ఎందుకు చెప్పావని సార్ అందరి ముందూ అక్కను నిలదీశారు. ఆ నెలలోనే నా కాంట్రాక్ట్ రెన్యువల్.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది.

"నేనే సరిగ్గా చెప్పలేదు సార్."

నాలుగు నెలలు ఆమెను చెరువుకు పంపలేదు. ల్యాబ్‌లో సీసాలు కడిగింది. నేను నోరు మూసుకుని రెన్యువల్ లెటర్ తీసుకున్నాను.

ఎందుకలా చెప్పావక్కా అని తర్వాత అడిగాను.

"నాది పర్మనెంటు తమ్ముడా. నన్ను ఎవురూ పీకలేరు. నీ కతేంది?"

రెండేళ్ళు ఆమె పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నాను. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

సార్, మీరూ ఈ పోస్ట్ చూస్తారు. అక్క సరిగ్గానే చెప్పింది. తప్పు రాసింది నేను.

వెళ్ళిరా అక్కా. నీ పేరు మీద ఏ తప్పూ లేదు. నెమ్మదిగా నిద్రపో.